మీ నడుము నొప్పి ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది: రోజును దానికి తగ్గట్టు సర్దుకోవడం ఎలా

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నడుము నొప్పివాళ్ళే. చాలామంది లోపలికి వస్తూనే ఎమ్మారై కవరు టేబుల్ మీద పెడతారు. దాన్ని తర్వాత చూస్తానని చెప్పి, ముందు ఒక సంగతి అడుగుతాను: "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నొప్పి ఎప్పుడెప్పుడు ఎలా ఉందో చెప్పండి."

"రోజంతా ఉందండీ" అనేదే మామూలుగా వచ్చే జవాబు. వరసగా ఒక్కో పని గురించీ అడుగుతూ వెళ్తే అసలు విషయం తెలుస్తుంది. మంచం దిగడమే కష్టమైంది. ముఖం కడుక్కోవడానికి వంగలేకపోయారు. స్నానం అయ్యాక కాస్త నయం. కుర్చీలో కూర్చున్న అరగంటకల్లా అటూ ఇటూ కదలడం మొదలైంది. ఫోన్ వస్తే లేచి నడుస్తూ మాట్లాడారు, ఆ పావుగంటా నొప్పి గుర్తుకే రాలేదు. సాయంత్రం బండి దిగేటప్పుడు మళ్ళీ పట్టేసింది.

అంటే కొన్ని పనులకు పెరుగుతోంది, కొన్నిటికి తగ్గుతోంది. దేనికి ఏమవుతోందో తెలిస్తే రోజును దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. ఎలా సర్దుకోవాలో, నా పేషెంట్లకు చెప్పే పద్ధతిలోనే ఇక్కడ చెప్తాను.

ముందు ఇవి లేవని చూసుకోండి

మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ లేదా తొడల లోపలి వైపు మొద్దుబారినా, కాళ్ళలో బలం తగ్గిపోతూ పాదం ఈడ్చాల్సి వస్తున్నా అదే రోజు, అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళండి. వెన్ను కింది భాగంలోని నరాలన్నీ ఒకేసారి నలిగిపోతున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా ఉండిపోవచ్చు. సిగ్గుపడి చెప్పకుండా ఆగేవాళ్ళు ఉన్నారు కాబట్టి నేను ప్రతి ఒక్కరినీ ఈ ప్రశ్నలు నోరు తెరిచి అడుగుతాను.

నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, ఏదైనా పెద్ద దెబ్బ, చాలాకాలంగా స్టెరాయిడ్ మందులు వాడటం, ఎముకలు గుల్లబారి ఉండి చిన్నగా పడటం, ఎలా పడుకున్నా రాత్రంతా ఏమాత్రం తగ్గని నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి.

ఇవేవీ లేకపోతే మీరు ఎక్కువమందిలో ఒకరు. నడుము నొప్పుల్లో దాదాపు 90 శాతం ఫలానా ఒక్క కారణం అని వేలు పెట్టి చూపించలేనివే. పట్టేసిన నొప్పి చాలామందిలో ఆరు వారాల్లోపు బాగా తగ్గుతుంది. మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటాం. తగ్గినవాళ్ళలోనూ చాలామందికి మళ్ళీ వస్తుంది. అందుకే నొప్పి గుణం తెలుసుకోవడం మీద ఇంత పట్టు పడుతున్నాను.

వారం పాటు రాసుకోండి

చిన్న నోటుబుక్కు చాలు. రోజుకు మూడుసార్లు రాయండి: పొద్దున పనిలో పడేముందు, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు. అంతకంటే ఎక్కువ వద్దు. గంటగంటకూ నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకునేవాళ్ళు ఉంటారు. ధ్యాసంతా అక్కడే ఉండి నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. మార్కులు అక్కర్లేదు. ఏం చేస్తుంటే మొదలైంది, ఎంతసేపు చేశాక మొదలైంది, ఎక్కడుంది, ఏం చేస్తే ఎంతసేపటికి సర్దుకుంది, ఈ నాలుగూ చాలు.

ఎక్కడుందో రాసేటప్పుడు నడుములోనే ఉందా, పిరుదులోకి వచ్చిందా, మోకాలు దాటి పిక్కలోకి దిగిందా అన్నది స్పష్టంగా రాయండి. ఎంతసేపటికి మొదలైందన్నది అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. "కూర్చుంటే నొప్పి" అని రాస్తే చేసేదేమీ లేదు, ఎందుకంటే కూర్చోకుండా ఎవరూ ఉండలేరు. "నలభై నిమిషాలు కూర్చుంటే నొప్పి" అని రాస్తే ముప్పై నిమిషాలకే లేవాలని తెలుస్తుంది. నొప్పి ముదిరాక లేస్తే తగ్గడానికి గంటలు పడుతుంది. మొదలవకముందే లేస్తే రెండు నిమిషాలు నడిస్తే సరిపోతుంది.

రాసింది చదవడం

వారం తర్వాత చూస్తే చాలామందికి ఒక దారి కనిపిస్తుంది.

కొందరికి వంగితే, కూర్చుంటే పెరుగుతుంది, నిలబడి నడిస్తే తగ్గుతుంది. దగ్గినా తుమ్మినా చురుక్కుమంటుంది. డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే భాగం, వల్ల వచ్చే నొప్పుల్లో ఇది తరచుగా చూస్తాం. వీళ్ళు రోజంతా కూర్చోవడాన్ని ముక్కలు చేసుకోవాలి. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీని కొద్దిగా ఎత్తి రెండు మూడు నిమిషాలు ఉంటే కొందరికి హాయిగా ఉంటుంది.

కొందరికి దీనికి పూర్తిగా ఎదురు. కాసేపు నడవగానే, నిలబడగానే పిరుదులు, తొడలు, పిక్కలు బరువెక్కి లాగుతాయి. ఏ గట్టు మీదో కూర్చుంటే, ముందుకు వంగితే కొద్ది నిమిషాల్లో తేలికపడుతుంది. సైకిల్ తొక్కగలరు గానీ అంత దూరం నడవలేరు. వయసు పైబడినవాళ్ళలో నరాలు పోయే దారి ఇరుకైనప్పుడు ఇలా ఉంటుంది. వీళ్ళు నడకను చిన్న చిన్న విడతలుగా చేసి, కాళ్ళు లాగకముందే కూర్చుని, మళ్ళీ లేవాలి. బోర్లా పడుకునే వ్యాయామం వీళ్ళకు చెబితే నొప్పి పెరుగుతుంది. పక్కింటివాళ్ళకు పనిచేసిన వ్యాయామం మీకు పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

మూడో రకం వేరు. విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. పొద్దున బిగుతు అరగంటకు మించి ఉంటుంది. వయసు నలభై ఐదులోపు మొదలై నెలల తరబడి ఇలాగే ఉంటే అది వాపుకు సంబంధించిన కీళ్ళ జబ్బు కావచ్చు. దానికి మందులు వేరు, రుమటాలజిస్టుని (ఇలాంటి కీళ్ళ జబ్బులు చూసే డాక్టర్‌ని) కలవాలి. ఇలాంటివాళ్ళు "ఏదో కండరం పట్టిందిలే" అని ఏళ్ళు గడిపేయడం నన్ను చాలా బాధపెడుతుంది.

ఇవన్నీ కలగాపులగంగా ఉన్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళని పరీక్ష చేసి చూడకుండా ఏదీ చెప్పలేం.

కాలులోకి దిగిన నొప్పి గురించి ఒక మాట. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ 1950లలో గమనించిన విషయమిది: ఏదైనా భంగిమలో ఉన్నప్పుడు పిక్కలోని నొప్పి తొడలోకి, తొడలోంచి నడుములోకి వెనక్కి వస్తుంటే, ఆ సమయానికి నడుములో నొప్పి ఎక్కువగా అనిపించినా అది మంచి సూచనే. నడుములో తగ్గి పాదం వైపు పాకుతుంటే మాత్రం ఆ పని ఆపండి. ఈ ఒక్క సంగతి తెలియక, సరైన వ్యాయామాన్ని "నడుము ఎక్కువైంది" అని మధ్యలో వదిలేసేవాళ్ళు ఎందరో.

పొద్దున్నే

రోజులో కష్టమైన సమయం చాలామందికి ఇదే. రాత్రి పడుకున్నప్పుడు డిస్కుల మీద బరువు తగ్గి అవి స్పాంజిలా నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మన ఎత్తు రాత్రి కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువగా ఉండటం దీనివల్లే. నిలబడి తిరగడం మొదలుపెట్టాక ఆ పెరిగిన ఎత్తులో సగం దాకా మొదటి గంటలోనే తగ్గిపోతుంది. అలా ఉబ్బి బిగుసుకుని ఉన్నప్పుడు బాగా వంగితే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్ళని పొద్దున కొద్ది గంటలు వంగకుండా జాగ్రత్తపడమంటే నొప్పి ఉండే రోజులు తగ్గాయని 1998లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. డబ్బు ఖర్చు లేని ఈ సలహాను నేను అందరికీ చెప్తాను.

మెలకువ రాగానే వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, రెండూ కలిపి కుడికీ ఎడమకీ నెమ్మదిగా పదిసార్లు వాల్చండి. తర్వాత పక్కకు తిరగండి. కాళ్ళు మంచం కిందికి వదులుతూ చేత్తో పరుపును నొక్కి లేవండి. వెల్లకిలా ఉన్నవాళ్ళు నేరుగా లేచి కూర్చోబోయినప్పుడే చాలామందికి పట్టేస్తుంది. సింక్ దగ్గర ఒక చెయ్యి అంచు మీద ఆనించి, మోకాళ్ళు కొద్దిగా మడిచి వంగండి. ఒక కాలు చిన్న పీట మీద పెడితే ఇంకా తేలిక. సాక్సులు, ప్యాంటు కూర్చునే వేసుకోండి, పాదాన్ని ఎదుటి మోకాలి మీదికి తెచ్చుకుని. మొదటి గంటలో బరువులెత్తడం, నేల మీద పడ్డవాటికి వంగడం వాయిదా వేయండి. బరువైన వ్యాయామాలూ అంతే.

తుమ్ము వస్తోందనిపిస్తే నిలబడి, ఒక చేత్తో గోడనో బల్లనో పట్టుకుని, నడుము నిటారుగా ఉంచి తుమ్మండి. కూర్చుని ముందుకు వంగి తుమ్మినప్పుడు పట్టేసి నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఉన్నారు.

కూర్చోవడం, నిలబడటం, ఎత్తడం

"ఎలా కూర్చోవాలి?" అని అడగని పేషెంటు లేరు. నా అభిప్రాయంలో అన్ని వేళలా పనికొచ్చే సరైన భంగిమ అంటూ ఏదీ లేదు. ఎంత బాగా కూర్చున్నా గంటలు గంటలు అలాగే ఉంటే నొప్పి వస్తుంది. నడుము వంపు దగ్గర చుట్టిన తువ్వాలు పెట్టుకుంటే చాలామందికి బాగుంటుంది, పాదాలు నేలకు ఆనాలి. ఆ తర్వాత ముఖ్యమైంది లేవడమే. ఫోన్ మాట్లాడేటప్పుడు నిలబడటం, నీళ్ళ సీసా చేతికందేంత దగ్గర పెట్టుకోకపోవడం లాంటి చిన్న ఏర్పాట్లు అలారం కంటే బాగా పనిచేస్తాయి.

కుట్టుపని చేసే ఒకామెకు రోజూ సాయంత్రానికి నొప్పి కాలిలోకి దిగేది. ఆమె రాత చూస్తే, మిషన్ మీద రెండు గంటలు లేవకుండా కూర్చున్న రోజునే అలా జరుగుతోంది. కత్తిరింపులు, బొత్తాలు, ఇస్త్రీ అన్నీ ఒకేసారి చేయడం మాని, అరగంట కుట్టు, పది నిమిషాలు నిలబడి చేసే పని అని మార్చుకుంది. పని తగ్గలేదు, వరస మారింది. నడుము నొప్పివాళ్ళు పని మానేయాల్సిన అవసరం లేకుండా ఎంత సర్దుకోవచ్చో ఆమెని చూస్తే తెలుస్తుంది.

బండి నడిపేవాళ్ళు వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చోవద్దు. సీటు పెడల్స్‌కు దగ్గరగా జరుపుకోండి. కారు దిగేటప్పుడు రెండు కాళ్ళూ కలిపి బయటికి తిప్పి, ఆ తర్వాత లేవండి. దిగగానే డిక్కీలోంచి బరువు తీయకుండా రెండు నిమిషాలు నడవండి.

చాలాసేపు నిలబడే పనైతే ఒక కాలు తక్కువ ఎత్తు పీట మీద, కాసేపయ్యాక రెండో కాలు. ఎత్తేటప్పుడు వస్తువు ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, బరువు చేతిలో ఉండగా నడుము తిప్పకుండా పాదాలతో తిరగండి. పసిబిడ్డల తల్లులకు నేను ప్రత్యేకంగా చెప్పేది: ఉయ్యాలలోంచి బిడ్డని తీసేటప్పుడు ముందు బిడ్డని అంచు దాకా జరుపుకుని, గుండెకు ఆనించుకుని, అప్పుడు లేపండి.

పడక, నిద్ర

గట్టి చెక్క మీదో నేల మీదో పడుకుంటేనే నడుముకు మంచిదన్న నమ్మకం ఇంకా ఉంది. స్పెయిన్‌లో 313 మందితో చేసి 2003లో ప్రచురించిన పరీక్షలో, బాగా గట్టి పరుపు కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు, వెల్లకిలా అయితే మోకాళ్ళ కింద దిండు. రాత్రిపూట పక్కకు దొర్లేటప్పుడు మోకాళ్ళు మడిచి, భుజాలూ తుంటీ కలిపి తిప్పండి.

నిద్ర చెడితే మర్నాడు నొప్పి ఎక్కువ, నొప్పి ఎక్కువైతే ఆ రాత్రి నిద్ర తక్కువ. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. అందుకని నిద్ర పట్టడం లేదన్న మాట డాక్టర్‌కి విడిగా చెప్పండి, నొప్పి కింద కలిపేయకండి.

భార్యాభర్తల దగ్గరితనం గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ, ఇబ్బంది పడేవాళ్ళు చాలా ఎక్కువ. నొప్పి భయంతో ఒకరు దూరం జరుగుతారు, రెండోవారు దాన్ని వేరేగా అర్థం చేసుకుంటారు. ముందు మాట్లాడుకోండి. వంగితే నొప్పి వచ్చేవాళ్ళకు నడుము వంగని భంగిమ, వెనక్కి వాలితే వచ్చేవాళ్ళకు కొద్దిగా వంగిన భంగిమ, ఇద్దరికీ పక్కకు తిరిగి పడుకోవడం తేలికగా ఉంటాయి.

భయం, టెన్షన్, రిపోర్టు

ఇప్పుడు ఆ ఎమ్మారై కవరు తీస్తాను. రిపోర్టులో "డిస్క్ బల్జ్" (డిస్కు ఉబ్బు), "డీజెనరేషన్" (అరుగుదల) అన్న మాటలు చూసి నిద్రపోనివాళ్ళు ఉన్నారు. నొప్పి ఏమాత్రం లేనివాళ్ళ స్కాన్లను పరిశీలించిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. నొప్పి లేని ఇరవై ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉంది. స్కాన్‌లో కనిపించిందంతా నొప్పికి కారణం కాదు. మీ లక్షణాలతో అది సరిపోలాలి. ముందు చెప్పిన ప్రమాద సూచనలు లేనప్పుడు తొలివారాల్లోనే స్కాన్ తీయించుకోవడం వల్ల ఒరిగేది తక్కువ, భయం పెరగడం మాత్రం ఎక్కువ.

ఆ భయం శరీరంలో కనిపిస్తుంది. నడుము కర్రలా బిగబట్టి, ఊపిరి కూడా పూర్తిగా తీయకుండా నడుస్తారు. బయటికి వెళ్ళడం మానేస్తారు, పిల్లల్ని ఎత్తుకోరు, పెళ్ళిళ్ళకు రామంటారు. కండరాలు బలహీనపడి, ఇదివరకు చేయగలిగిన పనికే నొప్పి వస్తుంది. ఇంట్లోవాళ్ళు ప్రేమతో "నువ్వు కదలకు, మేం చేస్తాం" అంటారు. దాని బదులు "ఇది నువ్వు చెయ్యి, బరువుది నేను పట్టుకుంటా" అంటే మేలు. బయటికి గాయమేమీ కనిపించదు కాబట్టి "నాటకం" అని అనుమానించేవాళ్ళూ ఉంటారు. నొప్పి నిజం. ప్రపంచంలో 2020 నాటికి దాదాపు 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి ఉందని అంచనా. మనుషుల్ని పనికి దూరం చేయడంలో మరే సమస్యా దీనికి సాటి రాదు.

మంచం మీద విశ్రాంతి గురించి కూడా తేల్చి చెప్తాను. హెల్సింకీ నగర ఉద్యోగులతో చేసి 1995లో ప్రచురించిన పరీక్షలో, రెండు రోజులు మంచాన పడుకున్నవాళ్ళ కంటే నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. బెల్టు గురించీ అడుగుతారు. దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (నడుమును సాగదీసి లాగే చికిత్స) రోజువారీ చికిత్సగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్తున్నాయి. నొప్పి మాత్రలు సొంతంగా రోజుల తరబడి మింగకండి. కడుపు, కిడ్నీ సమస్యలు, బీపీ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త.

నడక

ఒక్క వ్యాయామమే చెప్పమంటే నడక చెప్తాను. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. నొప్పి తగ్గినవాళ్ళని క్రమంగా నడక పెంచుకుంటూ వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట దాకా నడవమన్నారు. ఫిజియోథెరపిస్టు మధ్యమధ్య పలకరించి సలహా ఇచ్చేవారు. వాళ్ళలో సగం మందికి నొప్పి మళ్ళీ రావడానికి 208 రోజులు పట్టింది, ఏమీ చేయనివాళ్ళలో సగం మందికి 112 రోజులే.

మీ నోటుబుక్కులో నడక ఎన్ని నిమిషాలకు ఇబ్బంది పెడుతోందో చూడండి. పన్నెండు నిమిషాలైతే ఎనిమిదితో మొదలుపెట్టండి. బాగున్న రోజున ముప్పై నిమిషాలు నడిచేసి మర్నాడు మంచం పట్టొద్దు. బాగున్నా బాగోకపోయినా ఎనిమిదే. వారం గడిచాక పది.

మళ్ళీ పట్టేసినప్పుడు

ముందే ఒక కాగితం మీద రాసి అలమరా తలుపుకు అంటించుకోండి, ఎందుకంటే నొప్పిలో ఏదీ గుర్తుకు రాదు. మొదటి రోజు: ప్రమాద సూచనలు ఉన్నాయేమో చూడాలి. హాయిగా ఉన్న భంగిమలో ఇరవై నిమిషాలు పడుకుని లేచి ఇంట్లోనే నాలుగడుగులు, గంటకోసారి ఇలాగే. వేడి కాపడం పెట్టుకోవచ్చు, చర్మం కాలకుండా గుడ్డ అడ్డం పెట్టి. రెండో మూడో రోజు నుంచి మామూలు నడకలో సగం. వారానికల్లా తేలికపాటి పనులు. కాలులోకి కొత్తగా దిగినా, రెండు మూడు వారాలకీ ఏమాత్రం మార్పు లేకపోయినా చూపించుకోవాలి.

మెరుగవుతున్నారో లేదో తెలుసుకోవడానికి నొప్పిని మాత్రమే కొలవకండి. నడుము నొప్పి రోజువారీ పనులకు ఎంత అడ్డుపడుతోందో కొలవడానికి 1980లో ఇంగ్లండ్‌లో తయారైన ఆస్‌వెస్ట్రీ ప్రశ్నావళిని మేమిప్పటికీ వాడుతున్నాం. అందులో పది భాగాలుంటే నొప్పి తీవ్రతకు ఒక్కటే. మిగతావన్నీ సొంత పనులు, ఎత్తడం, నడక, కూర్చోవడం, నిలబడటం, నిద్ర, దాంపత్యం, నలుగురిలోకి వెళ్ళడం, ప్రయాణం గురించే. మీరూ వీటిలో మీకు బాగా కావాల్సిన మూడు పనులు ఎంచుకుని ఇవాళ్టి తేదీ వేసి, ఎంతసేపు చేయగలుగుతున్నారో రాయండి. పదిహేను రోజులకోసారి దాని పక్కనే కొత్త అంకె వేయండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు స్కాన్ కవరుతో పాటు ఈ కాగితం కూడా తీసుకెళ్ళి, ముందు దీన్నే చూపించండి.